ఏ పుస్తకం ఎవరి చేతికి?

ప్రకాశం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెప్పే టీచరుగారు రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వేయొద్దన్నారు. ఉత్తరం పెద్దది కాబట్టి సారాంశం ఇస్తున్నాను.

వాళ్ల స్కూల్లో పదో తరగతి చదివి వెళ్లిన ఒక బ్యాచ్ వాళ్లు లైబ్రరీకని పాతికవేల రూపాయలు పోగుచేసి ఇచ్చారు. ఏ పుస్తకాలు కొనాలో జాబితా రాసే పని హెడ్మాస్టరుగారు ఈమెకు అప్పగించారు. నవంబరు 14న గ్రంథాలయ వారోత్సవాలు మొదలయ్యేనాటికి పుస్తకాలు బీరువాలో ఉండాలట. ఈలోపు, డబ్బు పోగుచేయడంలో ముందున్న పూర్వ విద్యార్థి ఒకాయన తన జాబితా ఒకటి వాట్సాప్‌లో పంపారు. అందులో సగం వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు. మిగతావి గొప్పవాళ్ల జీవిత చరిత్రలు, జనరల్ నాలెడ్జ్. హెడ్మాస్టరుగారి పట్టుదల నీతికథల మీద. పుస్తకాలు పోతే ఆడిట్‌లో జవాబు చెప్పాల్సింది తానే కాబట్టి బీరువాకు తాళం ఉండాల్సిందేనని కూడా అంటున్నారు.

ఈమె ఏడో తరగతిలో 38 మంది పిల్లలు. కొందరు గడగడా చదువుతారు. ఎక్కువమంది కూడబలుక్కుని చదువుతారు. పదిమంది దాకా ఒత్తు కనిపిస్తే చాలు, ఆగిపోయి టీచరు మొహం చూస్తారు. తన చిన్నప్పుడు ఎగబడి చదివిన చందమామ కథలు తెచ్చి తరగతిలో వినిపిస్తే రెండో రోజుకే వెనక బెంచీల్లో గుసగుసలు మొదలయ్యాయి. "ఇది పరీక్షలో వస్తుందా మేడమ్?" అని ఒక అమ్మాయి అడిగింది.

ఇంట్లో ఇంకో చిక్కు. ఐదో తరగతి చదివే కూతురు ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు మీడియం. ఇంగ్లీషు సీరీస్ పుస్తకాలు రెండ్రోజులకొకటి పూర్తి చేస్తుంది. తెలుగు పుస్తకం ఇస్తే మాత్రం "కళ్లు లాగుతున్నాయి" అంటుంది. "చదువుతోంది కదా, ఏ భాషైతే ఏం" అని భర్త అంటారు. తెలుగు టీచరు కూతురికే తెలుగు రాదని స్టాఫ్‌రూంలో ఎవరో అన్న మాట ఈమె మనసులో గుచ్చుకుని ఉండిపోయింది. డెబ్బై దాటిన అత్తగారు ఒకప్పుడు వారపత్రికల్లో సీరియల్స్ వదలకుండా చదివిన మనిషి. ఇప్పుడు రోజంతా టీవీ ముందే. మొన్నొకరోజు "బడికి అన్ని పుస్తకాలు తెస్తున్నావుగా, నాకూ ఒకటి పట్రా" అన్నారట. ఏది తేవాలో ఈమెకు తోచలేదు.

చివర్లో ఇలా రాశారు: "డీఎస్సీకి చదివిన రోజుల నుంచి గైడ్లు తప్ప ఏ పుస్తకమూ పూర్తి చేయలేదు. చదవడం మానేసిన నేను ఇంకొకరిని చదవమని ఎలా చెప్పను? చాలా టెన్షన్‌గా ఉంది. మీరే ఒక జాబితా పంపండి, అదే కొనేస్తాను."

టీచరుగారూ,

జాబితా పంపడం నాకు తేలికే. కానీ నేను పంపినా, మీ పూర్వ విద్యార్థి పంపినా తేడా ఉండదు. ఇద్దరమూ మీ 38 మందినీ చూడనివాళ్లమే. అందుకని కొన్ని పుస్తకాల పేర్లు, ఏది ఎవరికి పనికొస్తుందో నాకు తోచిన మాట చెబుతాను. కొనేది ఏదన్నది మీరే తేల్చుకోండి.

ముందు మీ చివరి ప్రశ్న. పిల్లలకు పుస్తకాలు ఎంచడానికి సాహిత్యమంతా చదివి ఉండక్కర్లేదు. వాళ్ల చేతికి ఇవ్వబోయేవి చదివితే చాలు. బొమ్మల పుస్తకానికి పది నిమిషాలు చాలు. చిన్న కథల పుస్తకమైతే ఒక సాయంత్రం. ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ వెబ్‌సైట్ 2015 నుంచి నడుస్తోంది. అందులో తెలుగు బొమ్మల కథలు బోలెడున్నాయి, అన్నీ ఉచితం. కథ ఎంత సులువో ఎంత కష్టమో చూసి నాలుగు స్థాయిలుగా విడదీసి పెట్టారు. రాత్రి అన్నాలయ్యాక ఫోన్లోనే మొదలుపెట్టండి. వారం తిరిగేసరికి ఏ కథ మీ పిల్లల్లో ఎవరికి నచ్చుతుందో పేర్లతో సహా మీకే తోస్తుంది. మీకు ఇప్పుడు కావలసిన అర్హత అదే.

ఏ పుస్తకం తీసుకున్నా ఒక పేజీ పైకి చదివి చూడండి. మీ నోరే తడబడితే ఆ పుస్తకం మీ తరగతికి పనికిరాదు. తెలుగులోకి వచ్చిన పిల్లల అనువాదాల్లో ఈ ఇబ్బంది ఎక్కువ. వాక్యం నాలుగు వరసలు సాగుతుంది, ఎవరు ఏం చేశారో చివరిదాకా తేలదు. చౌకగా దొరుకుతాయని కొనే పంచతంత్రాల్లో, తెనాలి రామకృష్ణ కథల్లో అచ్చుతప్పులు చూసుకోండి. చదవడం నేర్చుకుంటున్న పిల్ల తప్పు పుస్తకంలో ఉందనుకోదు, తనకే చదవడం రాలేదనుకుంటుంది. పది రూపాయలు మిగులుతాయని అలాంటి పుస్తకం కొనడం నాకు ఎప్పుడూ సమ్మతం కాదు.

మీ కోసం మాత్రం ఒక పుస్తకం ఇప్పుడే చెబుతాను, గిజుభాయి 'పగటికల'. గుజరాతీలో 'దివాస్వప్న' అన్న పేరుతో వచ్చిన చిన్న పుస్తకం. కొత్తగా నాలుగో తరగతి తీసుకున్న మాస్టారు ఎన్నో ఊహించుకుని వెళ్తాడు, మొదటిరోజే పిల్లలందరినీ నిశ్శబ్దంగా కూర్చోబెట్టే ఆట పెట్టబోయి అల్లరిపాలవుతాడు. మర్నాడు కథ ఎత్తుకుంటాడు, తరగతి దారికొస్తుంది. మీ రెండో రోజు గుసగుసల గురించి చదివినప్పుడు నాకు ఆ మాస్టారే గుర్తొచ్చాడు. వందేళ్ల కిందటి భావనగర్ మనిషి అయినా మీ స్టాఫ్‌రూంలో కూర్చుని మాట్లాడుతున్నట్టే ఉంటుంది.

ఇక మీ తరగతి. ఏడో తరగతిలో పదిమంది ఒత్తుల దగ్గర ఆగిపోతున్నారంటే అది మీ ఒక్కరి లోపమని అనుకోకండి. పిల్లలకు చదవడం ఎంతవరకు వచ్చో చూసే అసర్ సర్వే 2022 లెక్క ప్రకారం మన దేశంలో పల్లె ప్రాంతాల్లో ఐదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 42.8 శాతమే. అంటే మీకు కావలసింది ఏడో తరగతి పుస్తకాలు కాదు, ఏడో తరగతిలో కూర్చున్న రకరకాల పిల్లలకు రకరకాల పుస్తకాలు. ఒకే స్థాయివి వంద కొంటే ఇరవై మంది చదువుతారు, మిగతావాళ్లు అట్టలు చూసి పెట్టేస్తారు.

ఆ పదిమంది సంగతే అన్నిటికన్నా కష్టం. వాళ్లకు పేజీకి రెండు మూడు వాక్యాలుండే బొమ్మల పుస్తకాలు కావాలి. కానీ పన్నెండేళ్ల కుర్రాడు అలాంటి పుస్తకం పట్టుకుంటే పక్కవాడు "ఒకటో తరగతి" అని నవ్వుతాడు. ఆ నవ్వుకు భయపడి వాడు లావుపాటి పుస్తకం తీసుకుని పేజీలు తిప్పుతూ కూర్చుంటాడు. దీనికి దారులు రెండు మూడున్నాయి. ఆ పదిమందినీ విడిగా కూర్చోబెట్టి చదివించవచ్చు. చదవడం త్వరగా వస్తుంది, కానీ వెనకబడ్డవాళ్లన్న ముద్ర కూడా పడుతుంది. క్లాసులో డిజిటల్ ప్యానెల్ ఉంటే స్టోరీవీవర్ కథ తెర మీద పెట్టి అందరితో కలిసి చదివించవచ్చు. అప్పుడు ముద్ర పడదు, కానీ రానివాళ్లు గొంతు కలిపి తప్పించుకుంటారు.

నాకు ఎక్కువ నచ్చిన దారి వేరే ఉంది. దగ్గర్లో ఉన్న ప్రాథమిక పాఠశాల టీచరుతో మాట్లాడి, వారానికోసారి మీ ఏడో తరగతి పిల్లలు వెళ్లి ఒకటి, రెండు తరగతుల వాళ్లకు బొమ్మల పుస్తకం చదివి వినిపించేలా ఏర్పాటు చేయండి. అందరూ వెళ్లాలి, గడగడా చదివేవాళ్లూ రానివాళ్లూ. అప్పుడు బొమ్మల పుస్తకం పట్టుకోవడం నామోషీ అవదు, పనిలో భాగమవుతుంది. చిన్నపిల్లల ముందు తడబడకూడదని ఒకే పుస్తకం ఇంట్లో పదిసార్లు చదువుకుంటారు. చదవడం రావాలంటే కావలసింది ఆ పదిసార్లే. మీకు ఇందులో ఇబ్బంది ఒక్కటే, పీరియడ్ సర్దుబాటు. అది కుదరకపోతే మధ్యాహ్న భోజనం తర్వాత దొరికే కాస్త టైమ్ వాడుకోవచ్చు.

చందమామ దగ్గర మీరు నొచ్చుకున్నట్టు ఉత్తరంలో తెలుస్తోంది. 1947 జులైలో చక్రపాణి, నాగిరెడ్డి మొదలుపెట్టిన ఆ పత్రికకు కొడవటిగంటి కుటుంబరావు దిద్దిన సాఫీ తెలుగు ఇప్పటికీ చెవికి ఇంపుగానే ఉంటుంది. పిల్లలకు విసుగు పుట్టింది ఆ తెలుగు వల్ల కాకపోవచ్చు. మీరు నెలకొక సంచిక కోసం ఎదురుచూసి చదివారు. వాళ్లకేమో రాజుగారి కథలు వరసగా నాలుగు వినిపించారు. పూర్తిగా వదిలేయవచ్చు, నష్టమేమీ లేదు. ఇంకోసారి చూద్దామనుకుంటే బేతాళ కథ ఒకటి తీసుకోండి. బేతాళుడు ప్రశ్న వేసేచోట పుస్తకం మూసేయండి. విక్రమార్కుడు ఏమన్నాడో చెప్పొద్దు. తప్పెవరిదో పిల్లలనే వాదించుకోనివ్వండి. కావాలంటే జవాబు మర్నాడు చదవండి. రాజుగారి జవాబు తప్పని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, అననివ్వండి.

"పరీక్షలో వస్తుందా" అన్న అమ్మాయికి "రాదు" అని చెప్పండి. ఆ మాట మీద మీరు నిలబడటం ముఖ్యం. కథ అయిపోగానే "ఇందులో నీతి ఏమిటి, సారాంశం రాయండి" అంటే ఆ అమ్మాయి అనుమానమే నిజమవుతుంది. రోజుకు పది నిమిషాలు, ప్రశ్నలు లేకుండా, మీరు పైకి చదవడం, వాళ్లు వినడం. నచ్చినవాళ్లు వాళ్లే వచ్చి పుస్తకం అడుగుతారు. అడగకపోయినా ఆ పది నిమిషాలు వృథా కాదు, పుస్తకంలో తెలుగు ఎలా నడుస్తుందో చెవికి అలవాటవుతుంది.

ఏం చదవాలంటే, మీది ప్రకాశం కాబట్టి నేను మొదట ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' అంటాను. పక్క నెల్లూరు జిల్లా పిల్లాడు తన అమ్మ, నాన్న, నానమ్మ, బడి, పండగల గురించి ఇంట్లో మాట్లాడే మాటల్లోనే చెప్పుకుపోతాడు. పాఠ్యపుస్తకం తెలుగు ఒకటి, ఇంట్లో తెలుగు ఒకటి అనుకునే పిల్లలకు తమ మాట అచ్చులో కనిపిస్తే మొహం మారిపోతుంది. మీ క్లాసులో ముస్లిం పిల్లలుంటే వాళ్ల ఇళ్లు కథలోకి రావడం వాళ్లకు ఇంకా పెద్ద సంగతి. కాకపోతే ఏ కథ ఏడో తరగతికి, ఏది తొమ్మిదికి అన్నది మీరు ముందు చదివి విడదీసుకోండి. చాసో 'ఎందుకు పారేస్తాను నాన్నా' చాలా చిన్న కథ, ఒక పీరియడ్‌లో అయిపోతుంది. డబ్బుల్లేక చదువు ఆగిపోయిన కుర్రాడి కథ అది. అది చదివాక మాట్లాడించే ప్రయత్నం చేయకండి. మీ క్లాసులో ఆ పరిస్థితి దగ్గరగా చూసినవాళ్లు ఉండే ఉంటారు.

నవ్వులు కావాలంటే మొక్కపాటి 'బారిష్టర్ పార్వతీశం' మొదటి భాగం. 1924 నాటిది. మొగలితుర్రు కుర్రాడు బారిష్టరు చదువుకని ఇంగ్లండుకు బయలుదేరి దారిపొడవునా పడే అవస్థలు ఎనిమిది, తొమ్మిది తరగతులకు బాగా పడతాయి. ఏడో తరగతికైతే కొన్ని వాక్యాలు మీరే తేలిక చేసి చెప్పాల్సి రావచ్చు. ధారావాహికలా రోజూ కొంత చదవడానికి 'రైలుబడి' ఉంది. జపాన్‌లో పాత రైలుపెట్టెల్లో నడిచిన తొమోయె బడి గురించి అక్కడే చదువుకున్న టెట్సుకో కురొయనాగి రాసింది. బడిలో చేర్చడానికి తీసుకొచ్చిన పిల్ల చెప్పే కబుర్లన్నీ హెడ్మాస్టరుగారు నాలుగు గంటలు కూర్చుని వింటారు. పిల్లలకు నచ్చుతుంది. టీచర్లకు ఇంకా ఎక్కువ నచ్చుతుందని నా అనుభవం.

కథలంటే అస్సలు పడని పిల్లలు ప్రతి క్లాసులోనూ ఉంటారు. వాళ్లకు చదవడం ఇష్టం లేదని మనం తేల్చేస్తాం. సైకిల్ విప్పి బిగించే కుర్రాడికి రాకుమారి కథ ఎందుకు? అరవింద్ గుప్తా పుస్తకాలు తెలుగులో ఉన్నాయి, అవి చూడండి. అగ్గిపుల్లలు, సైకిల్ షాపులో దొరికే వాల్వ్ ట్యూబు ముక్కలు ఉంటే చాలు. అర అంగుళం ముక్కలో రెండు వైపుల నుంచీ పుల్లలు దూరిస్తే కీలు తయారవుతుంది. మూడు పుల్లలు, మూడు ముక్కలతో త్రిభుజం. దాన్ని నొక్కినా కదలదు, చతురస్రమైతే ఒరిగిపోతుంది. ఎందుకో తెలుసుకోవడానికి వాడు కిందనున్న రెండు వాక్యాలు చదువుతాడు. చదువుతున్నానని కూడా గుర్తుండదు. ఆకాశం, గ్రహణాలు, తేదీలు, పంచాంగాలు అంటే ఆసక్తి ఉన్నవాళ్లకు మహీధర నళినీమోహన్ పుస్తకాలు, జన విజ్ఞాన వేదిక 'చెకుముకి' పాత సంచికలు. నళినీమోహన్ ఎనిమిది దాటినవాళ్లకే.

మంచి పుస్తకం, హైదరాబాద్ బుక్ ట్రస్ట్, నేషనల్ బుక్ ట్రస్ట్, ప్రథమ్, తూలిక. ఈ ఐదు ప్రచురణ సంస్థల దగ్గర వెతికితే మీ పాతికవేలకు సరిపడా దొరుకుతాయి. మంచి పుస్తకం వాళ్ల దగ్గర ఒకప్పటి సోవియట్ పిల్లల పుస్తకాలు కూడా కొన్ని మళ్లీ అచ్చయి ఉన్నాయి. చెన్నేకొత్తపల్లి ప్రకృతి బడి నుంచి వచ్చిన 'కొత్తపల్లి' పత్రికలో పిల్లలు రాసిన కథలుంటాయి. తోటిపిల్లలు రాసినవని తెలిస్తే మీవాళ్లూ రాస్తామంటారు.

పూర్వ విద్యార్థి గారి జాబితా విషయంలో మీకు కోపం ఉంది, అది న్యాయమే. అయినా ఆయన్ను కాస్త ఆయన వైపు నుంచి చూడండి. ఆ బడిలో చదివి పైకొచ్చిన మనిషి, తనను నిలబెట్టాయనుకున్న పుస్తకాలు పిల్లలకూ అందాలనుకుంటున్నారు. ఆ జాబితా యథాతథంగా కొంటే గొడవ ఉండదు, ఫొటోలు బాగా వస్తాయి, మీ పదిమందికీ ఒక్క పుస్తకమూ మిగలదు. మొత్తం కాదంటే వచ్చే ఏడు ఆ బ్యాచ్ వైపు నుంచి రూపాయి రాకపోవచ్చు, హెడ్మాస్టరుగారు మీ మీద విసుక్కుంటారు. మధ్యేమార్గంగా, జాబితాలో నిజంగా పనికొచ్చేవి నాలుగైదు ఉంచి ఆయన పేరుతోనే పెట్టండి. అందులో కలాం 'ఒక విజేత ఆత్మకథ' ఉందని రాశారు కదా. అది తీసేయకండి. రామేశ్వరంలో రైలు ఆగడం మానేస్తే, కదిలే రైల్లోంచి విసిరేసిన పేపర్ల కట్టలు ఏరుకోవడంలో సాయపడ్డ కుర్రాడి కథ అది. ఆ చిన్ననాటి అధ్యాయాలు ఏడో తరగతిలో పైకి చదవవచ్చు. రాకెట్ల భాగం పదో తరగతికి వదిలేయండి. "లక్ష్యం పెట్టుకో, గెలుపు నీదే" తరహా పుస్తకాలు మాత్రం ఈ వయసుకు నేను కొనను. వాటిలో మనుషులు ఉండరు, సలహాలే ఉంటాయి.

ఆయనకు ఫోన్ చేసి ఇంకో మాట అడగండి. ఊరికి వచ్చినప్పుడు ఆయనకు ఇష్టమైన పుస్తకంలోంచి ఒక పది నిమిషాలు పిల్లలకు చదివి వినిపిస్తారా అని. వచ్చి చదివితే, మీ పిల్లలు ఎక్కడ ఆగిపోతున్నారో ఆయనకే కనబడుతుంది. మీరు వాదించి ఒప్పించాల్సిన పని సగం తగ్గుతుంది.

హెడ్మాస్టరుగారి నీతికథలకు పంచతంత్రం సరిపోతుంది. మంచి బొమ్మలున్నది, తేలిక తెలుగులో ఉన్నది తీసుకోండి. 1853 నాటి చిన్నయసూరి 'నీతిచంద్రిక' గొప్పదే, కానీ ఆ గ్రాంథికం ఈ పిల్లలు సొంతంగా చదవలేరు. తాళం సంగతి మాత్రం గట్టిగా మాట్లాడాల్సిందే. మద్రాసు విశ్వవిద్యాలయం లైబ్రేరియన్ రంగనాథన్ 1931లో రాసిన అయిదు గ్రంథాలయ సూత్రాల్లో మొదటిది, పుస్తకాలున్నది వాడటానికి అని. తర్వాతి రెండూ ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు. వారోత్సవాల్లో ఎలాగూ రంగనాథన్ పేరు తలుస్తారు, ఆ సభలోనే ఈ మాట ఎత్తండి.

కానీ హెడ్మాస్టరుగారి భయం ఉత్తది కాదు, ఆడిట్ ఆయన మెడకే చుట్టుకుంటుంది. దాతలిచ్చిన పుస్తకాలకు వేరే రిజిస్టరు పెట్టి, చిరిగినవీ పోయినవీ ఏటా తీసేయవచ్చని పేరెంట్స్ కమిటీలో తీర్మానం రాయిస్తే సంతకం ఒక్కరిదే ఉండదు. దానికీ ఒప్పుకోకపోతే ఖరీదైనవి బీరువాలో ఉంచి, చవకైన యాభై పుస్తకాలు మీ క్లాసులో తాడుకు క్లిప్పులతో వేలాడదీసే అనుమతి అడగండి. అట్టలు ఎదురుగా కనబడితే చెయ్యి అటే వెళ్తుంది. ఎవరు ఏది తీసుకున్నారో పిల్లలే రాసుకుంటారు, ఆ పని చదవడం సరిగా రానివాళ్లకు అప్పగిస్తే పుస్తకాల పేర్లన్నీ వాళ్ల కళ్లముందు తిరుగుతాయి. కొన్ని పుస్తకాలు పోతాయి. పోయిన పుస్తకం ఎవరింట్లోనో ఉంటుంది, పిల్లాణ్ని అందరిముందూ నిలదీయకండి.

డబ్బంతా నవంబరులో ఖర్చు పెట్టకుండా ఉంటే మంచిది. పదిహేను వేలకు ఇప్పుడు కొని, నెలన్నర పాటు ఏవి నలుగుతున్నాయో చూడండి. జనవరి మొదట్లో విజయవాడలో పుస్తక మహోత్సవం జరుగుతుంది. కుదిరితే ముగ్గురు నలుగురు పిల్లల్ని వెంటపెట్టుకెళ్లి మిగతా డబ్బుకు వాళ్లనే ఎంచనివ్వండి. మీకు నచ్చనివి రెండు మూడు ఎంచుతారు, కొనండి. లెక్క ఒకేసారి తేలాలని హెడ్మాస్టరుగారు పట్టుబడితే మాత్రం ఈ అవకాశం ఉండదు. అలాంటప్పుడు ఒక్కో పుస్తకం రెండేసి ప్రతులు కాకుండా పేర్లు ఎక్కువ ఉండేలా కొనుక్కోండి.

మీ అమ్మాయి దగ్గరికి వస్తే, మీ వారి మాటలో నిజముంది. పదేళ్ల పిల్ల రెండ్రోజులకొక పుస్తకం పూర్తి చేస్తోందంటే అది సంతోషించాల్సిన సంగతి. ఆ ఇంగ్లీషు పుస్తకాలు లాక్కోకండి, వాటికి తెలుగు పేజీలు జరిమానాగా కట్టకండి. "రోజుకు ఒక తెలుగు పేజీ చదివితేనే ఫోన్" అన్న ఇళ్లలో తెలుగు శిక్షగా మిగిలిపోవడం నేను చూస్తున్నాను. అలాగని వదిలేస్తే పెద్దయ్యాక తనే నేర్చుకుంటుందన్న ధీమా కూడా నాకు లేదు. అక్షరాలు కూడబలుక్కునే దశ దాటకుండా హైస్కూలుకు వెళ్తే మళ్లీ ఆ ఓపిక ఎక్కడిది? ఇంగ్లీషులో ఆమె వేగం వేరు, తెలుగులో వేరు. తెలుగులో చదవగలిగే కథ ఆమెకు మరీ చిన్నపిల్లల కథలా ఉంటుంది, నచ్చే కథ చదవలేదు. చిక్కంతా అక్కడే ఉంది.

తూలిక వాళ్ల పుస్తకాల్లో ఇంగ్లీషు, తెలుగు ఒకే పేజీలో ఉండేవి ఉన్నాయి. కథ ముందే అర్థమవుతుంది కాబట్టి తెలుగు వాక్యం దగ్గర భయం ఉండదు. ఇంగ్లీషు చదివేసి తెలుగు వదిలేసే ప్రమాదమూ ఉంది, మొదట్లో పక్కన ఎవరైనా కూర్చోవాలి. ఇంకోటి, చదివి వినిపించడం. ముళ్లపూడి 'బుడుగు' ఆమె సొంతంగా చదవలేదు, ఆ వాక్యాలు ఊపిరాడకుండా పరుగెడతాయి. వింటే మాత్రం పడీపడీ నవ్వుతుంది. బాపు బొమ్మల కోసం పుస్తకం తనే లాక్కుంటుంది. చదివేది మీరే కానక్కర్లేదు, మీ ఇంట్లో సీరియల్స్ వదలకుండా చదివిన మనిషి ఉన్నారు. అత్తగారిని అడిగి చూడండి. పాఠం చెప్పమని కాకుండా, "రాత్రిపూట దానికి ఒక కథ చదివి పెట్టండి అత్తయ్యా" అని. ఆవిడకు ఓపిక లేదంటే బలవంతం వద్దు. స్టాఫ్‌రూం మాటలకు జవాబు చెప్పడానికి మాత్రం ఆ పిల్లను చదివించకండి. పిల్లలు అది ఇట్టే పసిగడతారు.

అత్తగారి కోసం కొనే ముందు ఆవిడకు శుక్లాల ఆపరేషన్ అయిందా, కళ్లజోడు ఎప్పటిది అన్నది చూసుకోండి. చాలామంది పెద్దవాళ్లు చదవడం మానేసింది ఇష్టం పోయి కాదు, అక్షరం ఆనక. సత్యం శంకరమంచి 'అమరావతి కథలు' ఆవిడకు సరిపోతాయని నా ఊహ. నూరు కథలు, ఒక్కోటి రెండు మూడు పేజీలు. ఆంధ్రజ్యోతి వారపత్రికలో వచ్చినవే, కొన్ని ఆవిడ అప్పట్లో చదివే ఉంటారు. కృష్ణ ఒడ్డు, గుడి, వానలు, ఆకలి, పెళ్లిభోజనాలు అన్నీ ఉంటాయి. ఒకటి చదివి కళ్లు మూసుకోవచ్చు, ఎక్కడ ఆపామో గుర్తు పెట్టుకోనక్కర్లేదు. శ్రీరమణ 'మిథునం' కూడా. టీవీలో సినిమా చూసి ఉంటే కథ ఇంకా ఇష్టపడతారు. లేదంటే ఒకప్పుడు చదివిన యద్దనపూడి నవలే మళ్లీ తెచ్చివ్వండి. చదివినదే మళ్లీ చదవడంలో ఆ వయసులో ఉండే సుఖం వేరు, కొత్తవే చదవాలన్న నియమం ఏమీ లేదు. ఇవేవీ కొనాల్సిన అవసరం కూడా లేకపోవచ్చు. మీ మండల కేంద్రంలో శాఖా గ్రంథాలయం ఉండే ఉంటుంది, మనం కట్టే ఇంటిపన్నులోనే గ్రంథాలయ పన్ను కలిసి ఉంటుంది. ఆవిడ పేరు మీద సభ్యత్వం తీసుకుని, వీలైతే ఆవిడనే వెంటబెట్టుకెళ్లి ర్యాకుల దగ్గర వదిలేయండి. తెచ్చుకున్నది నచ్చక మూడో పేజీలో పడేస్తే ఏది నచ్చలేదో అడగండి. అక్షరం చిన్నదైందా, కథ నడవలేదా, మనుషులు నచ్చలేదా? తర్వాత ఏది తేవాలో అప్పుడు మీకే తెలుస్తుంది.